పెళ్లి ప్రకటన చదివిన వారం: కొత్త కాపురానికి డబ్బు లెక్క

మా క్రైస్తవ సంఘంలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. మొదటి ప్రకటన అయిన వారంలోనే పాస్టరు అయ్యగారు ఆ అబ్బాయినీ అమ్మాయినీ నా దగ్గరకు పంపుతారు. ప్రొద్దుటూరులో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను, మా స్త్రీల మైత్రికి కోశాధికారిని కూడా. అందుకే ఈ పని నాకు అప్పగించారు. ఆ ఇద్దరితో రెండు సాయంత్రాలు కూర్చుని ఇంటి లెక్క ఎలా రాసుకోవాలో, అప్పు ఎలా తీర్చుకోవాలో, సంఘానికి కానుక ఎలా ఇవ్వాలో నేర్పుతాను. అప్పుడు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినవాళ్లు కూడా ఇదే పద్ధతిలో మొదలుపెట్టవచ్చు. ఆలస్యమైందని అనుకోనక్కరలేదు.

లెక్క పుస్తకం తెరిచేముందు బైబిలు తెరిపిస్తాను. రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం, మొదటి ఏడు వచనాలు. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు. దేవునియందు భయభక్తులు గలవాడే, అయినా అప్పు మిగిల్చిపోయాడు. అప్పిచ్చినవాడు ఆయన కొడుకులిద్దరినీ దాసులుగా తీసుకుపోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆ విధవరాలు ఎలీషాకు మొరపెట్టుకుంటే ఆయన, నీ ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. నూనె కుండ తప్ప ఇంకేమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు తెచ్చుకోవడం, తలుపు వేసుకుని నూనె పోయడం, పాత్రలన్నీ నిండేదాకా నూనె ఆగకపోవడం, ఇవన్నీ మనకు సండే స్కూలు నుంచీ తెలిసినవే. ఏడో వచనం దగ్గర మాత్రం ఎక్కువమంది ఆగరు. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు ప్రవక్త. అద్భుతంగా వచ్చిన సొమ్ముకు కూడా ఆయన ఒక వరస పెట్టాడు. ఇంట్లో ఏముందో ముందు చూసుకోవాలి, ఇవ్వవలసినది ఇచ్చేయాలి, మిగిలినదానిలో బతకాలి. నేను నేర్పేదంతా ఈ వరసే. ఇందులో కానుక ఎక్కడుందని వెంటనే అడుగుతారు. దాని సంగతి తరవాత విడిగా చెబుతాను, ఎందుకంటే అది తొందరగా తేల్చేసే మాట కాదు.

ఇంట్లో ఏముంది?

పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి కొనండి. ఫోనులో రాసుకుంటామని కుర్రవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఫోను ఒకరి చేతిలోనే ఉంటుంది, పుస్తకం బల్ల మీద ఇద్దరి మధ్యా ఉంటుంది.

మొదటి సాయంత్రం ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చి విడివిడిగా కూర్చోమంటాను. నెలకు ఎంత వస్తుంది, ఎవరెవరికి ఎంత ఇవ్వాలి, మనకు ఎవరు ఇవ్వాలి, బంగారం ఎంత, అందులో తాకట్టులో ఉన్నదెంత, ఏ చీటీలు కడుతున్నారు, ఎవరికైనా జామీను సంతకం పెట్టారా. ఇవన్నీ రాసి కాగితాలు మార్చుకోవాలి. ఆదాయం దగ్గర కలం ఆగదు, అప్పుల దగ్గర ఆగుతుంది. పెళ్లి ఖర్చుకు తెచ్చిన అప్పు అబ్బాయి అత్తవారికి చెప్పి ఉండడు. పుట్టింట్లో అమ్మ మందులకు నెలనెలా పంపే డబ్బు అమ్మాయి చెప్పి ఉండదు. ఆ కాగితం చేతులు మారేటప్పుడు ఇద్దరి ముఖాలూ ఎర్రబడతాయి. అప్పుడు నేను వంటింట్లోకి వెళ్లి టీ పెడతాను. ఆ కాసేపూ వాళ్లిద్దరికే వదిలిపెట్టాలి. పెళ్లి తరవాత మూడో నెలలో వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడినప్పుడు తెలియడం కంటే ఇలా తెలియడం ఎంతో మేలు. దేవుని ముందు ఒకటి కాబోతున్న ఇద్దరి మధ్య దాచిన అప్పు ఉండకూడదు.

ప్రతి అప్పుకూ ఐదు విషయాలు రాయాలి: ఎవరికి, అసలు ఎంత, వడ్డీ నూటికి ఎన్ని రూపాయలు, దానికి ఏ కాగితం ఉంది, ఆ కాగితం మీద తేదీ ఏమిటి.

వడ్డీ మాట కొంచెం నిదానంగా చూడండి. మన బజారులో వడ్డీ నెలకు చెబుతారు, బ్యాంకులో ఏడాదికి చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. అది ఏడాదికి 24 శాతం. ఐదు రూపాయలంటే 60 శాతం. పది రూపాయలంటే 120 శాతం, అంటే ఏడాది తిరిగేసరికి వడ్డీయే అసలును దాటిపోతుంది. అందుకని మీ కాగితం మీద అన్ని అప్పులనూ ఏడాది లెక్కలోకే మార్చి రాసుకోండి. అప్పుడు ఏది భయపడవలసిన అప్పో కంటికి కనిపిస్తుంది.

తేదీ ఎందుకంటే, ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. అందుకే మూడేళ్లు దగ్గరపడగానే అప్పిచ్చినవారు నోటు తిరగరాయమని అడుగుతారు. అప్పటిదాకా కట్టని వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తారు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేళ్లు ఏమీ కట్టకపోతే వడ్డీ 72,000 అవుతుంది. కొత్త నోటు 1,72,000కు రాస్తారు. అప్పటి నుంచి నెల వడ్డీ 2,000 కాదు, 3,440. ఇంట్లో ఒక్క రూపాయి కొత్తగా వాడుకోలేదు, అయినా అప్పు అంత పెరిగింది. అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు అని సామెతల గ్రంథం 22వ అధ్యాయం ఏడో వచనం చెప్పేది ఇదే.

ఒక నెల పేజీ

రెండో సాయంత్రం నెల ఖర్చు రాస్తాం. అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు, చేతికి 16,000 వస్తాయి. భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల నెలల్లో ఎనిమిది వేలు కూడా వస్తాయి, ఆషాఢంలో నాలుగు వేలు మించవు. పుస్తకంలో ఏది రాయాలి? నాలుగు వేలే రాయాలి. నిలకడ లేని ఆదాయాన్ని ఎప్పుడూ తక్కువ వచ్చే నెల లెక్కనే తీసుకోవాలి. అంటే ఈ ఇంటి ఆదాయం 20,000.

వీళ్లకు నాలుగు అప్పులు. పెళ్లికి తెచ్చిన నోటు లక్ష, రెండు రూపాయల వడ్డీ, నెలకు 2,000. వడ్డీ వ్యాపారి దగ్గర 15,000, ఐదు రూపాయల వడ్డీ, నెలకు 750. బ్యాంకులో బంగారం మీద 40,000, ఏడాదికి 9 శాతం అనుకుంటే నెలకు 300. ఫోను వాయిదా 1,500, ఇంకా ఏడు నెలలు ఉంది. మొత్తం 4,550.

ఇక ఖర్చులు. కానుక 2,000. ఇంటి అద్దె 3,500. బియ్యం, సరుకులు, గ్యాసు 5,100. పాలు, కూరగాయలు, ఆదివారం మాంసం 2,000. కరెంటు, ఫోను రీఛార్జి 1,000. పెట్రోలు 1,200. అప్పుల పద్దు 4,550. అన్నీ కలిపితే 19,350. మందులకూ మాకులకూ మిగిలింది 650.

ఈ పేజీని ఒకసారి నిదానంగా చదవండి. ఇంటి ఆదాయంలో నాలుగో వంతుకు దగ్గరగా అప్పులకే పోతోంది. ఫోను వాయిదా తప్ప మిగిలినదంతా వడ్డీయే కనుక అసలు ఒక్క రూపాయి తగ్గడం లేదు. ఇలాగే మూడేళ్లు నడిస్తే లక్ష నోటుకు 72,000 కడతారు, లక్ష అలాగే ఉంటుంది. ఈ ఇంట్లో దుబారా లేదు, తాగుడు లేదు, జూదం లేదు. కష్టపడి పనిచేసే ఇద్దరు మనుషులు ఉన్నారు. ఇలాంటి ఇళ్లు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. వాళ్లకు ఇంకా ప్రార్థన చేయండి అని మాత్రమే చెప్పి పంపడం నాకు మనసొప్పదు. ఎలీషా ఆమెను ఇంట్లో ఏముందని అడిగాడు కదా, మనమూ అదే అడగాలి.

అప్పు తీర్చే వరస

ఈ ఇంట్లో ఏముంది? పెళ్లికి మేనమామ పెట్టిన మూడు గ్రాముల ఉంగరం ఉంది. అది అమ్మితే వడ్డీ వ్యాపారి 15,000 తీరిపోతుంది. బంగారం అమ్మడమంటే మన ఆడవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. బంగారం బజారుకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినదాన్ని. అయినా ఏడాదికి 60 శాతం వడ్డీ కడుతూ బీరువాలో ఉంగరం దాచుకోవడం న్యాయం కాదు. ముందు తీర్చవలసింది ఎప్పుడూ ఎక్కువ వడ్డీ అప్పునే, అది మొత్తంలో చిన్నదైనా సరే.

ఇప్పుడు నెలకు 750 మిగిలాయి. మొదటి ఏడు నెలలు వాటిని ముట్టకుండా ఆపద పద్దులో వేయండి, 5,250 అవుతాయి. పిల్లవాడికి జ్వరం వచ్చినా బండి ఆగిపోయినా మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా ఆ డబ్బు కాపాడుతుంది. అప్పులున్నప్పుడు దాచడం ఎందుకని కొందరు అడుగుతారు. చేతిలో అయిదు వేలు లేకపోవడం వల్లే ఆ ఐదు రూపాయల అప్పు పుట్టింది, అందుకు.

ఏడు నెలలకు ఫోను వాయిదా అయిపోతుంది. ఇప్పుడు చేతికి మిగిలేది 750, 1,500 కలిపి 2,250. దీన్ని ఖర్చులోకి జారనివ్వకండి. నోటు వడ్డీ 2,000తో కలిపి నెలకు 4,250 కట్టండి. మొదటి నెల 2,000 వడ్డీకి, 2,250 అసలుకు పోతాయి. మరుసటి నెల అసలు 97,750 కనుక వడ్డీ 1,955 అవుతుంది, అసలుకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఇలా కడుతూ పోతే 33వ నెలలో లక్ష తీరిపోతుంది. మొత్తం వడ్డీ 37,000 లోపే. వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోయినవాడికి అదే కాలంలో 66,000 పోయి లక్ష అలాగే మిగిలి ఉంటుంది.

దీనికి అప్పిచ్చిన మనిషి ఒప్పుకోవాలి. చాలామంది ఒప్పుకుంటారు. ముందే వెళ్లి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని, నెలకు ఇంత అసలులో జమ వేసుకుంటూ వడ్డీ తగ్గించుకుంటూ పోతారా అని అడగండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించి సంతకాలు చేయండి. వీలైతే బ్యాంకు ద్వారా పంపండి, ఆధారం ఉంటుంది. పూర్తిగా తీరిన రోజు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రాకండి. మనిషి మంచివాడు కదా అని నోటు వదిలేసి వస్తే, రేపు ఆయన తరవాత ఆయన కొడుకులకు ఏమి తెలుస్తుంది?

బ్యాంకులో ఉన్న బంగారం అప్పు నాలుగింటిలో చివరిది. వడ్డీ తక్కువ కనుక తొందర లేదు. కానీ గడువు తేదీ పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. సాధారణంగా ఏడాదికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. నోటీసులు పట్టించుకోకపోతే వేలం దాకా వెళుతుంది. డ్వాక్రా సంఘంలో ఉన్న అక్కలకు ఇంకొక దారి ఉంది. సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం రూపాయి వడ్డీకి అటూ ఇటూగా ఉంటుంది. దానితో ఐదు రూపాయల అప్పు తీర్చేయవచ్చు. ఆ డబ్బు తెచ్చి టీవీ కొంటే మాత్రం ఉన్న అప్పు మీద ఇంకొక అప్పు చేరుతుంది.

చీటీ గురించి ఒక్క మాట. లక్ష చీటీని 25,000 తగ్గించి పాడుకుంటే చేతికి 75,000 వచ్చాయి, కట్టవలసింది లక్ష. అది పొదుపు కాదు, అప్పు. కనుక అప్పుల కాగితంలోనే రాయండి. చివరిదాకా పాడకుండా ఉండగలిగితేనే అది పొదుపు. అదీ రిజిస్టరైన చీటీ అయితేనే. చిట్‌ఫండ్ల చట్టం 1982 నుంచీ ఉంది. అనుమతి కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడకండి, నడిపేవారు మన సంఘస్థులే అయినా సరే.

కానుక

ఇక దాటవేసిన సంగతి. మా ఉదాహరణలో కానుకను అన్నిటికంటే ముందు, పదో వంతు రాశాను. నేను మా ఇంట్లో అలాగే చేస్తాను. జీతం చేతికి రాగానే ఆ డబ్బును వేరే కవరులో పెడతాను. నెలాఖరుకు మిగిలితే ఇద్దామనుకున్న ఇంట్లో ఏమీ మిగలదు. పౌలు కొరింథీ సంఘానికి చెప్పింది కూడా అదే పద్ధతి: ప్రతి ఆదివారం, ఎవరు వర్ధిల్లిన కొలది వారు, కొంత తీసి పక్కన పెట్టుకోవాలి. అది మొదటి పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. అంటే కానుక కూడా లెక్కలో భాగమే. మనసు కదిలిన రోజు ఇచ్చి, కదలని రోజు మరచిపోయేది కాదు.

అప్పుల్లో ఉన్నవాళ్లు పదో వంతు ఇవ్వాలా, తగ్గించవచ్చా అని అడుగుతారు. అయ్యగార్లలోనే ఈ విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. నా అభిప్రాయం ఇది: కానుక పద్దు ఆపకండి, ఎంత ఇవ్వాలో మీ ఇద్దరూ ప్రార్థించి నిర్ణయించుకోండి. రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, లేనిదాని ప్రకారం కాదు, ఉన్నదాని ప్రకారం ఇచ్చిందే దేవునికి ఇష్టమని ఉంది. కొన్ని నెలలు 2,000 బదులు 1,000 ఇచ్చి, మిగిలిన వెయ్యి ఐదు రూపాయల అప్పుకు కట్టే ఇంటిని నేను తప్పుపట్టను. అప్పు తీర్చడం కూడా నీతిలో భాగమే. అప్పు చేసి తీర్చనివాణ్ణి 37వ కీర్తన భక్తిహీనుడంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడను. అప్పు తెచ్చి కానుక ఇవ్వకండి. మహాసభల్లోనో టీవీలోనో ఫోనులోనో, విత్తన కానుక వేస్తే నూరంతలుగా వస్తుందని విని, పుస్తెలు తాకట్టు పెట్టి పంపినవాళ్లు మన జిల్లాలో ఉన్నారు. దేవుడు వడ్డీ వ్యాపారి కాదు. బీద విధవరాలి రెండు కాసుల సంగతి వెంటనే చెబుతారు. ఆ రెండు కాసులూ ఆమెవి, అప్పు తెచ్చినవి కావు. తల్లిదండ్రులకు ఇవ్వవలసింది దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకున్నవాళ్లను యేసు ప్రభువు మార్కు ఏడో అధ్యాయంలో గట్టిగా గద్దించాడు. అమ్మ మందులు ఆపి కానుక పెట్టెలో వేసిన డబ్బు ఆయనకు సంతోషం కాదు.

డబ్బు చేతికి రాని ఇల్లాళ్లకు మన సంఘాల్లో పాత పద్ధతి ఒకటుంది, పిడికెడు బియ్యం. పూటపూటా అన్నానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకు ఒకసారి ఆ డబ్బా మైత్రి కూడికకు తెస్తారు. సన్నబియ్యం, కోటా బియ్యం అన్నీ ఒకే గోనెలో కలిసిపోతాయి. ఎవరిది ఎంతో ఎవరూ చూడరు. అమ్మిన డబ్బు పుస్తకంలో నేనే రాస్తాను. ఎవరి ఇంట్లోనూ ఆ పిడికెడు వల్ల ఆకలి పెరగదు. ఇవ్వడం అలవాటు చేసుకోవడానికి కొత్త కాపురంలో ఇంతకంటే మంచి మొదలు నాకు కనిపించదు.

పంట ఇళ్లు, కూలి ఇళ్లు

నెల జీతం లేనివాళ్లు ఈ పేజీ మాకు ఎలా పనికొస్తుందని అడుగుతారు. పులివెందుల వైపు అరటి, చీనీ తోటలవాళ్లకు, అనంతపురం వైపు వేరుశనగ వేసేవాళ్లకు డబ్బు ఏడాదిలో ఒకసారో రెండుసార్లో చేతికొస్తుంది. వాన మొహం చాటేస్తే అదీ రాదు. మన రాయలసీమలో కరువును లెక్కలో వేసుకోకుండా బతకలేం.

ఆదికాండం 41లో యోసేపు ఫరోకు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. సమృద్ధి గల ఏడేళ్లలో అయిదో భాగం తీసి నిలువ చేయమన్నాడు. పంట డబ్బు వచ్చిన రోజున ముందు పెట్టుబడి అప్పు, కానుక, వచ్చే పంటకు విత్తనం ఖర్చు తీసేయండి. మిగిలింది 1,20,000 అనుకుందాం. అందులో అయిదో భాగం 24,000 బ్యాంకులో వేరే ఖాతాలోనో పోస్టాఫీసులోనో వేయండి. అది వాన లేని ఏడాది డబ్బు, పెళ్లిళ్లకూ పండుగలకూ తాకకూడదు. మిగిలిన 96,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 8,000. ఇంటి జీతం అదే. పంట వచ్చిన నెలలో కూడా ఎనిమిది వేలే తీయాలి. ఆ నెలలోనే కదా ప్రొద్దుటూరు బజారు రమ్మని పిలుస్తుంది.

కూలి ఇళ్లకు వారం లెక్క బాగుంటుంది. శనివారం సాయంత్రం కూలి డబ్బు రాగానే నాలుగు కవర్లు పెట్టుకోండి: కానుక, బియ్యం సరుకులు, అప్పు, ఆపద. పనిలేని వారాలకు ఆపద కవరు ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ రాత అవసరం లేదు.

ఏడాదిలో తెలిసి వచ్చే ఖర్చులు

డిసెంబరు 25న క్రిస్మసు వస్తుందని మనకు జనవరిలోనే తెలుసు. అయినా డిసెంబరులో అప్పు చేస్తాం. బట్టలు, కేకు, నక్షత్రం, క్యారల్స్ బృందానికి పెట్టే టిఫిను, పండుగ భోజనం అన్నీ కలిపి ఒక చిన్న కుటుంబానికి 6,000 అనుకోండి. బండి ఇన్సూరెన్సు 1,500. బంధువుల పెళ్లిళ్లకు చదివింపులు 4,500. మొత్తం 12,000, నెలకు వెయ్యి. మన ఉదాహరణ ఇంట్లో ఈ వెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? జాకెట్ల ఆదాయం నాలుగు వేలు దాటిన నెలల్లో పైన వచ్చినదాన్నుంచి. ముందుగా ఏడాది ఖర్చుల పద్దు నింపాలి, ఇంకా మిగిలితే అప్పుకు. ఏ ఏడాదైనా ఆ పద్దులో నాలుగు వేలే ఉంటే నాలుగు వేల క్రిస్మసే చేసుకోండి. పశువుల తొట్టిలో పుట్టిన ప్రభువు పుట్టినరోజుకు అప్పు చేసి పట్టుచీర కట్టనక్కరలేదు. పిల్లలకు కొత్త బట్టలు, పెద్దవాళ్లకు ఉతికిన బట్టలు. నిజంగా చాలు.

బంగారం కొనేవాళ్లు తరుగు, మజూరీ అడిగి విడిగా రాయించుకోండి. అమ్మేటప్పుడు ఆ రెండూ తిరిగి రావు. కనుక నగను అలంకారంగా కొనండి, పొదుపుగా కాదు. పొదుపుకు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఉంది, నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టవచ్చు. ఆడపిల్ల పుట్టిన ఇంట్లో, ఆమెకు పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలబడుతుంది. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది. బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామని ఇల్లిల్లూ తిరిగేవాళ్ల దగ్గర ఆ రక్షణ ఉండదు.

జామీను సంతకం

ప్రార్థనలో పక్కన కూర్చునే అన్న వచ్చి సంతకం పెట్టమంటే కాదనడం కష్టం. సామెతల గ్రంథం ఆరో అధ్యాయం మాత్రం స్నేహితుడి కోసం పూటపడినవాణ్ణి వేటగాని చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు వెంటనే తప్పించుకోమంటుంది. జామీను పెట్టడమంటే అవతలివాళ్లు కట్టకపోతే మనం కడతామని రాసివ్వడం. ఆ మొత్తాన్ని మీ అప్పుల కాగితంలో రాసి చూసుకోండి. కట్టగలరా? కట్టలేకపోతే సంతకం వద్దు. ఇద్దరూ ముందే అనుకుని ఉంటే జవాబు సులువు: "అన్నా, సంతకం పెట్టకూడదని మా ఇంట్లో ముందే అనుకున్నాం. ఈ వెయ్యి రూపాయలు తీసుకోండి, తిరిగి ఇవ్వనక్కరలేదు." సంతకం కంటే ఆ వెయ్యి వల్లే స్నేహం నిలుస్తుంది.

తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని తిమోతికి పౌలు రాశాడు. సంపాదించేవాడు లేని రోజు గురించి మాట్లాడడం అపశకునమని మన ఇళ్లలో ఆపేస్తారు. ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలి భర్త కూడా ఆ రోజు గురించి ఆలోచించి ఉండడు. బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరవచ్చు, 18 నుంచి 50 ఏళ్ల వయసువాళ్లకు. ఏడాదికి 436 రూపాయలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. ప్రమాదానికి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, దానికీ 2 లక్షలు, 70 ఏళ్ల దాకా. ఇద్దరూ ఎవరి ఖాతాలో వాళ్లు చేరండి. నామినీగా పెళ్లికి ముందు తల్లి పేరు ఉంటే మార్పించాలా వద్దా అని ఇద్దరూ మాట్లాడుకుని, ఆ నిర్ణయం పుస్తకంలో రాయండి. ఈ డబ్బు మే నెల చివరి వారంలో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. జూన్ ఒకటి నుంచి మరో ఏడాది నడుస్తుంది. కనుక మే 25 నాటికి ఒక్కొక్కరి ఖాతాలో 456 రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోండి.